చెరిపేసిన నాలుగు పోగులు

మెదడు పటాలు గీయడం నా ఉద్యోగం. లోపలి తెల్ల పదార్థంలో ఏ పోగు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో స్కానింగ్ చూసి కంప్యూటర్ గీస్తుంది. అది తోచినట్టు గీసే పిచ్చిగీతల్ని నేను చెరిపేస్తాను. ఆ పటం చూసుకునే డాక్టరు గడ్డ కోస్తాడు. నా పటాలంత శుభ్రంగా ఇంకెవరివీ ఉండవని పేరు. ఆ పేరు నాకు బాగానే తలకెక్కింది.

మా అక్కకి గడ్డ సరిగ్గా మాటల్ని మోసే పోగుల దారి పక్కనే వచ్చింది. అక్క టైలరు, ఒట్టి వాగుడుకాయ. కొలతలు తీసుకుంటూనే వచ్చినవాళ్ల ఇంటి గుట్టంతా లాగేస్తుంది. సొంతవాళ్ల పటం గీయకూడదని మా విభాగంలో నియమం. అక్కని ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసొప్పక నేనే మొండికేసి తీసుకున్నాను.

గడ్డ చుట్టూ వాపు ఉంది. వాపులో కంప్యూటర్‌కి చూపు ఆనదు, ఉన్న పోగుల్ని కూడా సరిగ్గా గీయలేదు. అక్కడ నాలుగు పోగులు మాత్రం వంకరటింకరగా గడ్డ అంచునే పాకాయి. అలాంటివి ఎన్ని చూడలేదు! ఇంకొకరికి చూపించాల్సింది. నాకే తెలుసులే అనుకుని చెరిపేశాను.

"నీ పటం ఉంటే నాకు బెంగ లేదమ్మా," అన్నారు డాక్టరు. అటు ఖాళీయే కదా అని ధైర్యంగా అంచుదాకా కోశారు.

నెల గడిచింది. అక్కకి అన్నీ అర్థమవుతున్నాయి, నోట్లోంచి మాత్రం "త... త..." తప్ప ఏమీ రావడం లేదు. రాయమన్నా చెయ్యి మొదటి గీత దగ్గరే ఆగిపోతోంది. నేను చెరిపినవి మళ్లీ తెచ్చి కొత్త స్కానింగ్ మీద పెట్టి చూశాను. కోత సరిగ్గా ఆ నాలుగింటి మీదుగా పోయింది.

ఆ సాయంత్రం అక్క మంచం పక్కన బావ డాక్టరు మీద చిందులు తొక్కుతున్నాడు. "వాణ్ణి ఊరికే వదల్ను."

"ఆయన తప్పు కాదు బావా. దారి నాకు కనబడింది. చెత్తనుకుని నేనే చెరిపేశాను."

బావ అక్క వైపు చూసి, "అది వింటోంది," అన్నాడు.

"వినాలనే చెప్తున్నా."

అక్క నా వైపు తిరిగింది. మొహం ఎర్రబడింది, మెడనరాలు ఉబ్బాయి. నన్ను కడిగిపారేస్తుందని తెలిసింది. కడిగెయ్యవే అక్కా, అని లోలోపల బతిమాలుకున్నాను.

"త..." అంది. ఊపిరి తీసుకుని మళ్లీ, "త... త..."

"తొందరేం లేదు, మెల్లగా," అంటూ బావ ఆమె వీపు నిమిరాడు. అక్క తిట్టేదాకా ఉందామని మేమిద్దరం అక్కడే కూర్చున్నాం.