కుంచె ఎత్తకుండా ఒక మాట

"ఏమోయ్, నా కళ్ళజోడు చూశావా?"

"వస్తున్నా" అని కుంచె పక్కన పెట్టి లేచాను. కళ్ళజోడు ఆయన పక్కనే, పేపరు కింద ఉంది. తీసి చేతికిచ్చి వచ్చేసరికి అక్షరం సగంలో ఆరిపోయింది. మిగతా సగం తర్వాత గీస్తే అతుకు తెలిసిపోతుంది. అందుకే ఎక్కడ వదిలేసినా పూర్తయినట్టే కనిపించే అక్షరాలు కనిపెట్టుకున్నాను.

ఇది సినిమా పని. కథకోసం కల్పించిన రాజ్యం ఒకటి, దానికి కల్పించిన భాష ఒకటి, ఆ భాషకి లిపి నేను తయారుచెయ్యాలి. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. ఇన్నేళ్ళకి నన్ను వెతుక్కుంటూ వచ్చిన మొదటి పని ఇదే. "ఎవరూ మాట్లాడని భాషకి అక్షరాలా? హాయి, తప్పులు పట్టేవాళ్ళే ఉండరు" అని నవ్వారు మా ఆయన. "పిచ్చిగీతలక్కూడా డబ్బులిస్తారా?" అన్నారు అత్తగారు. అని ఊరుకోలేదు, కూరలు తరుక్కోవాలి, బల్ల ఖాళీ చెయ్యమన్నారు. నేను పొయ్యి దగ్గర నిలబడి, తడివేలితో గట్టుమీద రాసుకునేదాన్ని. పాలు పొంగేలోపు రెండక్షరాలయ్యేవి. ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

డైరెక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. కాగితాలన్నీ తిరగేసి తల గోక్కున్నాడు.

"బాగున్నాయి మేడమ్. కానీ వీళ్ళు రాజులండీ. ఇవేమో ఎక్కడికక్కడ తెగిపోయి, వెనకనుంచి ఎవరో తరుముతుంటే రాసినట్టున్నాయి. రాజు రాస్తుంటే మధ్యలో ఎవడు పిలుస్తాడు చెప్పండి? మాట మొదలుపెడితే చివరిదాకా కుంచె ఎత్తకూడదు. ఒకటే గీత. సోమవారానికి ఇవ్వగలరా? కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటాం, ఏమీ అనుకోకండి."

తల కొట్టేసినట్టయింది. మా ఇల్లంతా ఆ అక్షరాల్లో కనపడిపోయింది అతనికి. అది ఇల్లని మాత్రం తెలియలేదు.

ఆదివారం అందరూ మా ఆడపడుచు ఇంటికి బయల్దేరారు. తలనొప్పని చెప్పి ఉండిపోయాను. "రోజంతా ఖాళీయేగా, ఆ బీరువా కాస్త సర్దెయ్" అన్నారు ఆయన చెప్పులేసుకుంటూ. తలుపు గడియ పెట్టాను. ఫోను ఆపేశాను. బల్ల నిండా పెద్ద కాగితం పరిచాను.

రాజు పేరు రాద్దామనుకున్నాను. గీత బయల్దేరింది, వంపు తిరిగింది, పైకి లేచింది. అక్కడ కుంచె ఎత్తేశాను. ఎందుకెత్తానో తెలియలేదు. ఇంకో కాగితం తీశాను. మళ్ళీ అక్కడే. వీధి చప్పుడేమోనని కిటికీలు మూశాను. గోడ గడియారంలో బ్యాటరీ కూడా తీసేశాను. చెయ్యి వణకడం లేదు. గీత ఎటు పోవాలో కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది. అయినా సగానికి రాగానే చెయ్యి తనంతట తనే లేచిపోతోంది. నేలంతా సగం మాటలే. వాటి మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఆఖరి కాగితం మిగిలింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, లేవకుండా బల్లకి అదిమిపెట్టాను. గీత సగం దాటింది. ఇంకాస్త లాగాను. ఇంకో వంపు తిరిగితే మాట పూర్తయిపోతుంది.

"వస్తున్నా!" అని ఆ ఖాళీ ఇంట్లో గట్టిగా కేకేసి, లేచి నిలబడ్డాను.