కంపెనీ తుపాకీ బరువు

మా అక్క లియోకడీకి డెబ్బై ఏళ్ళు నిండాయి. ఈ వయసులో ఆమెకు తన చేతుల్తో ఒక తుపాకీ తయారుచేయాలని బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి పుట్టడానికి కారణం నేనేనని ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా ఆమెకు తెలియదు.

అక్టోబరు నెల. చర్చి నుంచి వచ్చి అక్క వంటింట్లో కూర్చున్నాం. బల్ల మీద వేడి వేడి గలెత్ రొట్టె, టీ కెటిల్, వాటి పక్కన రెండు తుపాకీ కిట్ల బొమ్మలున్న ఆర్డరు కాగితాలు. ఎదురుగా మోదెస్త్. వాడు మా మేనమామ కొడుకు. ఇలాంటి కిట్లు ఇప్పటికే మూడు కట్టాడు కాబట్టి తుపాకుల విషయంలో వాడి మాటే చెల్లాలని వాడి నమ్మకం. పెట్టెలో గొట్టం, చెకుముకి రాయి పట్టే యంత్రం, సగం చెక్కిన కొయ్య, ఇత్తడి సామాను వస్తాయి. ఆపైన ఉలీ ఆకురాయీ పట్టుకుని రెండు మూడు నెలలు తంటాలు పడాలి. అక్కకి ఆ భయం లేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకి వడ్రంగం నేర్పిన మనిషి.

ఆమె కట్టాలనుకున్నది ఏదో ఒక తుపాకీ కాదు. మా ముత్తాత ఆ రోజుల్లో తోళ్ళ వ్యాపారం చేసిన కంపెనీకి బొచ్చు తోళ్ళిచ్చి మార్పిడి చేసుకున్న తుపాకీ. మూతి నుంచి మందు దట్టించే రకం. ఒక పక్క ఇత్తడి పాము, ఇంకో పక్క కూర్చున్న నక్క ముద్ర, చేతికి తొడుగున్నా వేలు దూరేలా మీట చుట్టూ పెద్ద వలయం. మా ఇంట్లో అది ఏడాదంతా గుడ్డసంచిలో పడుకుని కొత్త సంవత్సరం పొద్దున్నే లేచేది. మేం మేతీలం, ఫ్రెంచి తాతలకీ ఇక్కడి ఆదివాసీ అవ్వలకీ పుట్టినవాళ్ళం. మా ఊళ్ళలో ఆ రోజు ఇంటింటి ముందూ తుపాకీ పేల్చి తలుపు తీయించుకుంటాం. డెబ్బై తొమ్మిదిలో ఎర్ర నదికి వచ్చిన వరదలో అది పోయింది. అక్క వదిలేసి రావడం వల్ల పోయింది. నలభై ఏళ్ళుగా మా చుట్టాలందరూ చెప్పుకునే మాట ఇది.

"దీని మీద పేరు రాయి వదినా, కళ్ళు మూసుకుని రాసెయ్," అన్నాడు మోదెస్త్, మొదటి కాగితం మీద వేలితో కొడుతూ. "గొట్టం గోడ పల్చన, కొయ్య సన్నం. అప్పట్లో ఇలాగే ఉండేవి. మొత్తం కలిపి మూడు కిలోలు. మన తాతలు దీన్ని భుజాన వేసుకుని పొద్దస్తమానం మంచులో నడిచారు."

"మనది ఇంత తేలిక కాదురా," అంది అక్క. ఆమె రెండో కాగితం వదలడం లేదు. అందులోనూ పాము ఉంది, నక్క ఉంది. కానీ గొట్టం లావు. బరువు ఆరు కిలోల పైమాట.

"అదా? అది ఇప్పటివాళ్ళు భయం కొద్దీ చేసింది. గొట్టం పగులుతుందేమోనని ఇనుము దట్టించారు. పాత తుపాకీ అని చెప్పి దాన్ని పట్టుకెళ్తే కుక్కలు కూడా నవ్వుతాయి."

"నవ్వనీ. మనది బరువుండేది. నేను ఎత్తాను. ఈ చేత్తో ఎత్తాను. పుస్తకాలకేం తెలుసు?"

మోదెస్త్ టీ కప్పు చాటు నుంచి నా వైపు కన్ను గీటాడు. "ఎత్తావులే. ఎత్తి, అబ్బో అని దించేసి, అత్తయ్య పూసల కోటు చంకలో పెట్టుకుని పడవెక్కావు. మూడు కిలోలు వదినా! మా పిల్లి ఇంకా బరువుంటుంది."

ఈ మాట కొత్తది కాదు. పెళ్ళిళ్ళలో అన్నారు, చావుల దగ్గర అన్నారు. అందరికంటే ఎక్కువ మా ఫిలోమెన్ పిన్ని అంది. లియోకడీకి ముత్తాత తుపాకీ కంటే పూసల కోటు ముద్దొచ్చిందట. ఆ కోటు మీద పువ్వులన్నీ మా అమ్మ స్వయంగా కుట్టింది. అక్క దాన్ని కాపాడిందే గాని ఒక్కసారి కూడా తొడుక్కోలేదు.

ఆ రోజు ఏమైందో అక్క ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. బావ రైలు పని మీద దూరాన ఉన్నాడు. నాన్న చర్చి దగ్గర ఇసుక బస్తాలు వేస్తున్నాడు. నీళ్ళు మెట్లెక్కాయి. పడవవాడు ఇంకొక్క నిమిషం ఆగనని అరుస్తున్నాడు. ఎనిమిది నెలల కూతురు రొజీన్ ఒక చంకలో ఉంది. ఖాళీగా ఉన్నది ఒక్క చెయ్యి. వెనక వంటగదిలో మేకుకి వేలాడుతున్న సంచి ఎత్తింది. మోయలేకపోయింది. దించేసి, పక్కనున్న కోటు లాక్కుని పరుగెత్తింది. ఆ రాత్రి నీళ్ళు చూరు దాకా వచ్చి వెనక వంటగదిని తుడిచిపెట్టుకుపోయాయి.

"ఏరా ఆల్సీడ్, నువ్వు చెప్పు," అంది అక్క నా వైపు తిరిగి. "ఏటా దాన్ని తుడిచి నూనె పెట్టింది నువ్వే. బరువుండేదా కాదా?"



అప్పుడే చెప్పేసి ఉంటే ఇంకొంచెం మనిషిగా మిగిలేవాణ్ణి. చెప్పలేదు. ఆమె ముఖం చూసి, ఆమెకు నచ్చే మాట చెబితే నా పాపం కాస్త తగ్గుతుందని ఆశపడ్డాను.

"కొంచెం బరువే," అన్నాను.

"విన్నావా? ఇంట్లో పుట్టినవాడు చెప్పాడు!" అంటూ అక్క కలం తీసి రెండో కాగితం మీద తన పేరు రాయడం మొదలుపెట్టింది. డెబ్బై ఏళ్ళ మనిషి ముఖం పరీక్ష పాసైన పిల్ల ముఖంలా వెలిగిపోయింది. నాకు టీ చేదెక్కింది.

మోదెస్త్ ఊరుకునే రకం కాదు. లేచి వెళ్ళి గోడ మీది ఫోటో దించుకొచ్చి బల్ల మీద పెట్టాడు. డెబ్బై ఏడు కొత్త సంవత్సరం నాటి ఫోటో. గుమ్మం ముందు నాన్న. ఒక చేతిలో గాజు గ్లాసు. ఇంకో చేత్తో కంపెనీ తుపాకీని, చెయ్యి బారజాపి, ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు.

"అప్పటికి మామయ్యకి ఎన్నేళ్ళు వదినా? డెబ్బై ఒకటి. భుజం నొప్పని గడ్డపార కూడా పట్టేవాడు కాదు. ఆరు కిలోలది అలా ఒంటి చేత్తో నిలబెడతాడా? నువ్వే చెప్పు."

అక్క ఫోటో వైపు చాలాసేపు చూసింది. ఆమె ఆ ఫోటోని రోజూ చూస్తూనే ఉంది. ఆ చేతిని మాత్రం అప్పుడే చూసింది. కలం కింద పెట్టింది.

"నిజమే," అంది. "నాన్న ఎత్తగలిగాడు."

మోదెస్త్ గెలిచినందుకు నవ్వబోయి, ఆమె గొంతు విని మానుకున్నాడు.

"మీరన్నదే నిజమేమో," అంది అక్క మెల్లగా. "నాకు కోటు కావాలనిపించిందేమో. బరువని నేనే కల్పించుకున్నానేమో. అన్నేళ్ళు చెప్పుకుంటే అబద్ధం కూడా చేతికి తగులుతుంది కాబోలు. ఆ తేలికదానికే నా పేరు రాయి మోదెస్తూ. నేను అబద్ధాలకోరుని. ఈసారి కొత్త సంవత్సరానికి అందరి ముందూ అదే చెప్పి క్షమించమంటాను."

ఆమె క్షమించమని అడిగేది ఎవర్నో చెప్పాలి. నన్నే. నాన్న పోయాక ఇంటికి పెద్దకొడుకుగా కొత్త సంవత్సరం దీవెన నేనే ఇస్తున్నాను. అందరూ నా ముందు మోకరిస్తారు. నాకంటే ఆరేళ్ళు పెద్దదైన అక్క కూడా మోకరిస్తుంది. దీవెనకి ముందు ప్రతిసారీ, "తుపాకీ వదిలేసి వచ్చాను, మన్నించు తమ్ముడూ," అంటుంది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి, "దేవుడు మన్నించాడులే అక్కా," అంటాను. ముప్ఫై మూడేళ్ళు ఇలా అన్నాను. ఆ చెయ్యి ఎందుకు పడిపోలేదో దేవుణ్ణే అడగాలి.

"అక్కా," అన్నాను. "సంచిలో ఉన్నది తుపాకీ కాదు."

ఇద్దరూ నా వైపు చూశారు.

"వరదకి ముందు, ఫిబ్రవరిలోనే తుపాకీని అమ్మేశాను. సిటీ నుంచి ఒకాయన వచ్చాడు, పాత సామాన్లు కొనేవాడు. మంచు మీద తిరగడానికి నాకు స్నోమొబైల్ బండి కావాలనిపించింది. సంచి ఖాళీగా ఉంటే నాన్నకి తెలుస్తుందని బావి పైపు ముక్క ఒకటి పెట్టాను. తేలికైతే అనుమానం వస్తుందేమోనని దానికి ఓక్ చెక్క కూడా కట్టాను."

మోదెస్త్ కొరకబోయిన రొట్టె ముక్క బల్ల మీద పెట్టేశాడు.

"ఆ స్నోమొబైల్ నీ స్నేహితుడు అగ్గువకి ఇచ్చాడన్నావు కదరా?" అన్నాడు.

"అబద్ధం."

"వరద రోజున నువ్వు ఇంట్లో లేవు," అంది అక్క. "ఎక్కడున్నావు?"

దాన్నీ దాచుకోవచ్చు. కానీ ఇంకేం మిగిలిందని? "రైలు కట్ట మీద. స్నోమొబైల్ తడవకుండా అక్కడ పెట్టడానికి వెళ్ళాను."

తల కొట్టేసినట్టయింది. వరద వచ్చినందుకు సంతోషించిన మనిషిని ఎర్ర నది లోయంతా గాలిస్తే నేనొక్కణ్ణే దొరుకుతాను. మర్నాడు నాన్న తలపట్టుకుని కూర్చుంటే, అక్క ఏడుస్తుంటే, నా లోపల ఒక పిరికివాడు హమ్మయ్య అనుకున్నాడు. మళ్ళీ కొత్త సంవత్సరానికి సంచి విప్పే పని తప్పింది కదా.

అక్క తిడుతుందనుకున్నాను. కెటిల్ విసిరినా ఓర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె లేచి నేలమాళిగ మెట్లు దిగింది. కింద ఏవో దొర్లిన చప్పుడు. కాసేపటికి ఒక పైపు ముక్క, ఒక చెక్క పట్టుకుని పైకొచ్చింది. వాటిని పిండి సంచిలో దూర్చింది. ఎడమ చంకలో పసిబిడ్డ ఉన్నట్టు చెయ్యి మడిచి పెట్టుకుని, కుడిచేత్తో సంచి ఎత్తింది. భుజం ఆ పక్కకి ఒరిగిపోయింది.

"ఇదే," అంది. "ఇదే బరువు. మోదెస్తూ, చూడరా. ఇదే!"

సంచి దించి మళ్ళీ ఎత్తింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. "నేను కల్పించుకోలేదు. నాకు కోటు మీద ఆశ కాదు. అది తుపాకీ అయ్యుంటే తెచ్చేదాన్ని. మూడు కిలోలేగా? రొజీన్‌ని ఎత్తుకుని కూడా తెచ్చేదాన్ని!"

ఆమె తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. తన మాట నిజమైందన్న సంతోషంలో నన్ను తిట్టడమే మర్చిపోయింది. నేను ఆమె దగ్గర లాక్కున్నది తుపాకీ ఒక్కటే కాదని, తన చేతి మీద తనకున్న నమ్మకం కూడానని, అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కళ్ళు తుడుచుకుని కూర్చున్నాక మాత్రం నా వైపు సూటిగా చూసింది.

"నాన్న నన్నేమీ అనలేదు. కానీ చచ్చిపోయే దాకా కొత్త సంవత్సరం రోజున నా కళ్ళలోకి చూడలేదు. తెలుసా నీకు?"

"తెలుసు."

"నీ ముందు ఇంక మోకరించను."

"వద్దక్కా."

"దీవెన కూడా నువ్వివ్వకు. నీకు వేరే పని చెబుతాను." మొదటి కాగితం ముందుకు లాక్కుని, మూడు కిలోల తుపాకీకి తన పేరు రాసింది.

రెండు నెలలు తన షెడ్డులోకి నన్ను అడుగుపెట్టనివ్వలేదు. కొయ్య నునుపు చేయడానికి మోదెస్త్‌ని రానిచ్చేది. "వదిన పాముని నా కంటే బాగా బిగించింది," అని వాడే వచ్చి ఏడుపుముఖంతో చెప్పాడు.

కొత్త సంవత్సరం పొద్దున్న మంచు కరకరలాడుతోంది. అక్క మా అమ్మ పూసల కోటు తొడుక్కుని వాకిట్లో నిలబడి తుపాకీ పేల్చింది. పొగ చెదిరాక చుట్టాలు లోపలికి రావడం మొదలుపెట్టారు. వంటింట్లోంచి బులెత్ అనే మాంసపు ఉండల పులుసు వాసన. గుమ్మం పక్కన నేను. నా పని అదే. వచ్చిన ప్రతి మనిషి చేతికీ ముందు తుపాకీ ఇవ్వాలి. "అబ్బ, ఎంత తేలిగ్గా ఉంది!" అంటారు. అప్పుడు సంచి ఇవ్వాలి. ఎత్తి చూసి, ఇదేమిటంటారు. చెప్పాలి. అమ్మడం దగ్గర్నుంచి రైలు కట్ట దాకా మొత్తం చెప్పాలి. అక్క పక్కనే నిలబడి వింటుంది.

పన్నెండో మనిషికి అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. కొందరు తల దించుకుని లోపలికి వెళ్ళారు. రొజీన్ మాత్రం నా దగ్గర సంచి తీసుకుని, ఎత్తి, వాళ్ళమ్మ వైపు చూసి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా దించేసి వెళ్ళిపోయింది.

అందరికంటే చివర ఫిలోమెన్ పిన్ని వచ్చింది. తొంభై రెండేళ్ళు. చేతికర్ర మనవరాలికిచ్చి తుపాకీని ఒక చేత్తో అందుకుంది. తర్వాత సంచి పట్టుకుంది. రెండు చేతులా లాగినా నేల మీంచి లేవలేదు. సంచి మూతి విప్పి లోపలి పైపు ముక్క చూసింది.

"ఇదా ఆ పిల్ల మోయలేకపోయింది?" అంది, వంగినదల్లా తలెత్తి. "దీనికా మనం దాన్ని ఇన్నేళ్ళూ ఆడిపోసుకున్నాం? ఎవడు పెట్టాడురా దీన్ని?"

అంతకు ముందు ఇరవై అయిదుసార్లు చెప్పాను. అయినా పిన్నికి చెప్పడం వాటన్నిటికంటే కష్టం. అక్క పూసల కోటు సర్దుకుంటూ నా జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"నేనే పిన్నీ," అన్నాను.