పొగ పోయే తొవ్వ

పొద్దుగాల లేస్తె బిక్షమ్మకు మొదటి పని చుట్ట ముట్టిచ్చుడు. మొకం కడుగుడు, రాట్నం ముంగట కూసునుడు ఆ తర్వాతనే. పక్కింటి వెంకటనర్సు మగ్గం గుంటల కాళ్లు పెట్టి బీడి ముట్టిస్తడు. ఎదురింటి బుచ్చయ్య నాగలి భుజానేసుకోని ముట్టిస్తడు. అచ్చంపేట దగ్గర గా ఊర్ల పొయ్యిలు రాజుకోకముందే నోళ్లు రాజుకుంటయి.

ఆ పొగ మీదికి పోదు. గాలి ఎటన్న కొట్టనీ, సందుల పొంటి పాక్కుంట దొర ఉండే గడికే పోతది. పొగ ఇడిసేటప్పుడు నోట్లె ఉన్న మాట గూడ దాంతోనే పోతది. దొర పొద్దుమీకి మంచం మీద ఒరిగి ఇంటుంటడు. ఒకనాడు బుచ్చయ్య బీడి గుంజుకుంట "మా మేకపోతు మస్తు బలిసిందే" అన్నడు. తెల్లారి గడి మనిషి తాడు పట్టుకోని వాకిట్ల నిలవడ్డడు. వాన నీళ్లు పల్లానికి పోయినట్టు పొగ గడికి పోతదని ఊరందరికి ఎరుకే.

మరి బందు పెట్టరాదా అంటె, ఎట్ల పెడతరు? అలవాటు చేసిందే గడి. వెట్టికి పోయినోడు "ఆకలైతాంది దొరా" అంటె పిడికెడు జొన్నలు పెట్టలే, పొగాకు కాడ ఇచ్చిండ్రు. పొగ తాగితె ఆకలి చస్తదంట! పాలు మరిసిన పిలగానికాడికెల్లి కాటికి పోయే ముసల్దాని దాక అందరి నోట్లె పెట్టిండ్రు. దొర మాత్రం ముట్టడు. కడుపు నిండినోనికి పొగెందుకు?

దొరల మీద సంగం లేచిన్నాడు దొర పట్నం ఉరికిండు. ఇనేటోడు లేక పొగ తప్పిపోయిన లేగ లెక్క సందులల్ల తిరిగింది. ఊరు నోరారా మాట్లాడుకున్నది. అటెన్క యూనియన్ మిల్ట్రీ వచ్చింది. నిజాం లొంగిండు, రజాకార్ల పీడ పోయిందని జనం జెండాలు పట్టుకోని ఎగిరిండ్రు. ఆ జెండాల సాటునే దొర మిల్ట్రీ లారీలకెల్లి దిగిండు. నెత్తి మీద తెల్ల టోపి! నిన్నమొన్న ఊరి మీదికి రజాకార్లను తోలింది ఈ నెత్తే కాదా? సిగ్గు లేకుంట చేతులు జోడిచ్చి, "సురాజ్యం వచ్చింది, తాగుండ్రి" అని ఇంటింటికి బీడీల కట్ట పంచిండు.

ఎందుకు పంచుతున్నడో బిక్షమ్మకు సమజైంది. ఆమె కొడుకు సాయిలు దళంల ఉండె. తొడల తుపాకి గుండు దిగి, గుట్ట కింద గొర్లు కాసే బీరన్న దొడ్డిల గొంగడి కప్పుకోని పడున్నడు. బీరన్న గాక ఆ సంగతి ఊర్ల బిక్షమ్మకు, వెంకటనర్సుకు, బుచ్చయ్యకే తెలుసు. మిల్ట్రీకి దొరికితె పిలగాన్ని కాల్చిపారేస్తరు. బిక్షమ్మదేమో చుట్ట లేంది మాట రాని నోరు.

ఆ పూటనే చుట్ట బందు పెట్టింది. పొద్దు వంగకముందే చుట్టకు పానం గుంజింది. దాచిన చుట్ట కోసం చూరుల తడుముతాంటె వెంకటనర్సు చూసిండు.

"ఏందక్కా, చూరుల పిట్టగూళ్లు లెక్క పెడుతున్నవా?"

"నోరు ముయ్యిరా. నీకేం, గుప్పుగుప్పున ఇడుస్తున్నవు."

వెంకటనర్సు నోట్ల బీడి తీసి కాలి కింద రాసిండు. "ఇగో, నేను గూడ బందు. ఒక్కదానివి నీతోని కాదు."

బుచ్చయ్య గోడ మీదికెల్లి తొంగి చూసి, "నేనొక్కన్నే తాగి ఏం చెయ్యాలె? మీతోని నేను గూడ సావాలె ఇగ" అని ఏడుపు మొకం పెట్టిండు.

ముగ్గురు ఒక కట్టుబాటు చేసుకున్నరు. ఎవలికి పానం గుంజితె వాళ్లు మిగిలినోళ్లను పిలువాలె. పిలిచి, దొర తనకు చేసిన అన్యాయం ఒకటి చెప్పాలె. చెప్తాంటె కోపం లేస్తది. కోపం లేసినకాడ పొగ నిలువది.

"నా పెనిమిటి పీనుగ ఇంట్ల ఉండంగ, గడిల వడ్లు దంచ రమ్మన్నరు. పోయి దంచిన" అన్నది బిక్షమ్మ. "నా పెండ్లానికని నేసుకున్న చీర, మగ్గం మీదనే కోసుకపోయిండ్రు" అన్నడు వెంకటనర్సు. బుచ్చయ్య ఎప్పటికి మేకపోతు సంగతే చెప్తుండె. "అరే, దాన్ని ఎన్నిసార్లు కోస్తవురా?" అని ఇద్దరు నవ్వేటోళ్లు.

ఒకనాడు బుచ్చయ్య జారిండు. గడ్డివాము సాటుకు ఒక్క బీడి. నోరు ఇప్పొద్దనే అనుకున్నడు. దగ్గొచ్చింది, దగ్గుతోని "సాయిలు పైలంగుంటే సాలు" అని బయటవడ్డది. ఉరికొచ్చి బిక్షమ్మ గడప ముంగట కూలవడ్డడు.

"కొట్టక్కా నన్ను."

"నా కొడుకు పానంతోని ఉన్నడని దొరకు చెప్పొస్తివి కదరా!" చేతిల నూలు కండె గోడకేసి కొట్టింది బిక్షమ్మ. జరసేపటికి తనే పోయి ఏరుకున్నది. "లే. మళ్ల మొదటికెల్లి షురు చెయ్యి. నువ్వు పడ్డవని ఇడిసిపెడితె ముగ్గురం పడతం."

గడి కదిలింది. మిల్ట్రీ ఇల్లిల్లు జొరవడి కుండలు పలగ్గొట్టి ఎతికింది, బిక్షమ్మ పడుగు నూలంతా తొక్కింది. నూలేం పాపం చేసింది? అడిగేదెవరు?

అదే పగటీలి ముగ్గురు చిక్కువడ్డ నూలు ఇప్పుకుంట కూసున్నరు. గడప కిందికెల్లి పొగ వచ్చింది. ముగ్గురి నడుమకొచ్చి పిల్లి లెక్క ముడుసుకున్నది. ఉన్నకొద్ది వస్తనే ఉన్నది. దాంట్ల, మిల్ట్రీ సాబుతోని బీడి గుంజుకుంట మాట్లాడే గడి గుమస్తా గొంతు ఇనవడ్డది: "గుట్ట కింద గొర్ల దొడ్లున్నయి సాబ్. పిలగాడు గాడనే ఉంటడు."

బుచ్చయ్య నోరు తెరిసిండు. "పొగ ఇటెందుకొచ్చెనే?"

"ఇన్నేండ్లు అది గడికని పోలేదురా" అన్నది బిక్షమ్మ, కండ్లల్ల నిప్పులు రాలంగ. "ముట్టనోని దగ్గరికి పోయింది. ఊర్ల ముట్టనోడు దొర ఒక్కడే ఉండె. అందుకేరా మనందరి నోట్లె పెట్టింది! ఇయ్యాల ముట్టనోళ్లం ముగ్గురం ఒక్కకాడ కూసుంటిమి, ఇటు మర్లింది."

పొగల మాట ఆగింది, వాసన ఆగలే. ఎప్పుడు పోతరో ఇంక చెప్పలే. పొగ బిక్షమ్మ ముక్కుల దూరి బొక్కబొక్కల తిరిగింది. పెయ్యంత చెమట.

"ఒక్క గుంజుడురా, వెంకటనర్సూ. నీ కాళ్లు మొక్కుత."

"ముట్టిస్తివా, పొగ మర్లిపోతదక్కా. సాయిలు పోతడు."

బుచ్చయ్య ఆమె రెండు చేతులు గట్టిగ పట్టుకున్నడు. "చెప్పక్కా. ఏం చేసిండు దొర?"

బిక్షమ్మ పండ్లు కొరుక్కుంట మెల్లగ చెప్పింది. "పురిటి మంచం మీదికెల్లి లేపి గడికి నీళ్లు మోపిచ్చిండ్రు. పాలకు పిలగాడు ఏడుస్తాంటె పోనియ్యలే. రొమ్ములు గడ్డలు కట్టినయి, పాలు పిండి దొర వాకిట్ల పారవోసిన. గా పిలగాడే సాయిలు."

అప్పుడు గుమస్తా గొంతు మళ్ల లేసింది. "రేపు కోడి కూతకే చుట్టుముడుదాం సాబ్."

బుచ్చయ్య చేతులిడిసి ఉరికిండు. పొద్దు గూకకముందే బీరన్న మందను అడివి దిక్కు మలిపిండు. మంద నడుమ గాడిద మీద ఒక గొంగడి మూట ఊగుకుంట పోయింది.

తెల్లారి మిల్ట్రీకి ఖాళీ దొడ్డి దొరికింది. మనిషి దొరకలేదన్న కోపానికి కంపకు అగ్గి పెట్టిండ్రు. సురాజ్యమంట!

పొద్దెక్కినంక పక్క వాడ సత్తమ్మ వచ్చింది బిక్షమ్మ వాకిట్లకు. చేతిల చుట్టను మట్టిల గుచ్చి ఆర్పింది.

"నేను గూడ మానుత. ఏం చెయ్యాల్నే?"

"కూసో. దొర నీకేం చేసిండో చెప్పు" అన్నది బిక్షమ్మ, పీట జరిపి.

సత్తమ్మ చెప్పుడు షురు చేసింది. పొద్దు వంగింది, చెప్పుడు ఇంక ఒడువలే.