చిట్టెమ్మకో సిఫారసు ఉత్తరం

సైప్రస్ అనే దీవి ఒకటుందని చిట్టెమ్మకు సువార్త వల్ల తెలిసింది. అంతవరకూ ఆమె ఎరిగినవి గోదారి లంకలే. సువార్తది రాజోలు అవతల ఊరు. రియాద్‌లో చిట్టెమ్మ పనిచేసే ఇంటి వెనక వీధిలోనే నాలుగేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట ఆ దీవికి ఎగిరిపోయింది. అప్పటినుంచీ వాయిస్ మెసేజీలతో ఈమెను కుదురుగా ఉండనివ్వడం లేదు.

“ఒదినా, నాకిక్కడ గదుందే! నా ఒక్కద్దానికే. కిటికీ తీత్తే నిమ్మచెట్టు. తలుపుకి తాళం, ఆ తాళంచెవి నా మెళ్ళోనే ఉంటాది. ముసలమ్మకి సూపు కాచిచ్చేసి, తలుపేసుకుని పడుకుంటానంతే. ఆదివారం చర్చికెళ్తాను, తెలుసా?”

చిట్టెమ్మ నిమ్మచెట్టు దగ్గర ఆగలేదు, చర్చి దగ్గరా ఆగలేదు. తాళంచెవి దగ్గర ఆగిపోయి ఆ మెసేజీ ఆరుసార్లు విన్నది.

ఆమె తొమ్మిదేళ్లుగా పడుకుంటున్నది వాషింగ్ మిషన్ గదిలో. దానికి తలుపుంది గాని గడియ లేదు. యూనిఫాం కోసం ఒక పిల్ల, తువ్వాలు కోసం ఇంకో పిల్లాడు, జత తప్పిన మేజోడు కోసం మదామ్ గారు స్వయంగా, ఎవరికి తోచినప్పుడు వాళ్లొచ్చి లైటు వేస్తారు. అలాగని చెడ్డవాళ్లు కారు. “పడుకో, పడుకో” అని ప్రేమగా అంటూనే ఆమె కాళ్ల మీంచి దాటి మిషన్ ఆన్ చేస్తారు. బట్టలు మార్చుకోవాలంటే తలుపుకు వీపు ఆనించి ఒంటికాలి మీద నిలబడాలి. నలభై నాలుగేళ్ల మనిషికి అదేం పెద్ద విద్య కాదని ఆ ఇంటివాళ్ల నమ్మకం కాబోలు.

సువార్త మాటలతో సరిపెట్టలేదు. తన ముసలమ్మ చెల్లెలికి మనిషి కావాలంటే చిట్టెమ్మను ఫోన్లో చూపించింది. ఆవిడకు చిట్టెమ్మ నచ్చింది. గదినీ ఫోన్లోనే చూపించారు. ఇక మిగిలింది ఒక్కటే, ఇప్పుడు పనిచేస్తున్న ఇంటివాళ్ల సంతకంతో ఒక సిఫారసు ఉత్తరం. అది నెలాఖరులోగా రాకపోతే వేరే మనిషిని చూసుకుంటారు. ఇక్కడి ఒప్పందమూ సరిగ్గా నెలాఖరుకే అయిపోతుంది. అన్నీ కలిసొచ్చాయని చిట్టెమ్మ సంబరపడింది. కలిసొచ్చినట్టు కనిపించిన చోటే కాలు జాగ్రత్తగా పెట్టాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం ఆమెకు సెలవు, అదీ ఇంట్లో విందు లేకపోతేనే. ఆ శుక్రవారం విందు లేదు. మెట్రో ఎక్కి బత్హా బజారులో దిలావర్ జిరాక్సు కొట్టుకు వెళ్లింది. దిలావర్ పాతబస్తీ మనిషి. అరబ్బీలో అర్జీలు రాయడంలో తనను మించినవాడు లేడని అతని అభిప్రాయం, అతనొక్కడిదే.

“ఈమె మంచిగ పనిచేసింది అని ఒక్క లైను రాస్తే ఎవరు పట్టించుకుంటరు అక్కా? తారీఫ్ దట్టంగ ఉండాలె. ఆడ సైప్రస్ వాళ్లు ఇంగ్లీషు తర్జుమా సదివి పరేషాన్ అయిపోవాలె” అన్నాడు.

“మరి సంతకం పెట్టేవోళ్లు చదివి ఏమన్నా అనుకుంటే?”

“కఫీల్‌లు సదువుతరా? ఇరవై ఏండ్ల సంది రాస్తున్న, ఒక్కడు సదవలే. నీ తారీఫ్ నువ్వే రాయించుకోవాలె, వాళ్లు సంతకం గీకాలె. ఈడ రివాజే అది. చెప్పు, ఏమేం పని చేస్తవు?”

ఇల్లు ఊడుస్తాను, వంట చేస్తాను అని చిట్టెమ్మ ఆగింది. ఇంకా అన్నాడు దిలావర్. ఆలోచిస్తే పెద్దావిడకు రోజూ షుగరు సూది తనే వేస్తోంది. నడిమి పిల్లాడికి ఆయాసం వస్తే వీపు నిమిరేదీ తనే. ఎవరి కళ్లజోడు ఏ దిండు కింద ఉందో, ఎవరు ఎవరితో అలిగి అన్నం మానేశారో ఆమెకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. రాయిస్తున్నకొద్దీ ఆమెకే భయమేసింది. ఇన్ని పనులు చేసే మనిషిని తానెక్కడా చూడలేదు.

దిలావర్ అంతటితో ఊరుకోలేదు. ఈమె చేతి వంట తిన్నవారికి వైద్యుడితో పనిలేదనీ, ఈమె ఆ ఇంటికి మూలస్తంభమనీ రెండు వాక్యాలు తనవి కలిపాడు. ఉత్తరం మూడు పేజీలు వచ్చింది.

ఆ ఇంట్లో కాగితాల మీద కఫీల్, అంటే వీసాకు పూచీదారు, పెద్దావిడ; పెత్తనం కోడలిది. చిట్టెమ్మ మదామ్ అనేది కోడలినే, పెద్దావిడను జద్దా అంటుంది. నాడు వీసా జద్దా పేరుతో తెచ్చారు గనుక సంతకం ఆవిడే పెట్టాలి. ఆవిడ ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో పంతులమ్మ. మందు సీసా మీద అక్షరాలైనా చివరిదాకా చదవనిదే మూత తియ్యదు. ఇప్పుడన్నీ ఫోన్లో నొక్కడమే గనుక పాపం చాన్నాళ్లుగా చదవడానికి ఆవిడకు ఒక కాగితం దొరకలేదు. అలాంటావిడ చేతిలో చిట్టెమ్మ, సైప్రస్ పనికి సంతకం కావాలంటూ, మూడు పేజీలు పెట్టింది, అదీ కూతుళ్లూ కోడలూ అందరూ హాల్లో టీ తాగుతున్న వేళ.

జద్దా గొంతు సవరించుకుని, క్లాసుకు చెప్పినట్టు పైకే చదివింది.

“సూది వేసేది షీతాయా? నర్సు వస్తోందనుకున్నానే!” అంది పెద్ద కూతురు. చిట్టెమ్మ అన్న పేరు ఆ ఇంట్లో తిరగని నోళ్లలో పడి ఎప్పుడో షీతా అయిపోయింది. మూలస్తంభం దగ్గరకు వచ్చేసరికి మదామ్ కళ్లు ఒత్తుకుంది. “ఇలాంటి మనిషిని ఎవరైనా పంపించేస్తారా? నాకేమైనా పిచ్చా?” అంది. వారానికి రెండ్రోజులు షీతాను తనకు పంపమని చిన్న కూతురు అక్కడికక్కడే బేరం పెట్టింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పంపించమని రాయించిన ఉత్తరమే ఆమె కాళ్లకు అడ్డం పడింది. “నువ్వు పనిమనిషివి కావు, మా చెల్లెలివి” అని మదామ్ కౌగిలించుకుంది. చెల్లెలు వెళ్లి ఇరవై రెండు టీ గ్లాసులు కడిగింది.

జద్దా ఉత్తరం మడిచి తన ఖురాన్ బల్ల సొరుగులో పెట్టుకుంది. సంతకం మాత్రం పెట్టలేదు. కోడలు వద్దన్నది, కోడలితో పోట్లాడే ఓపిక ఆవిడకు లేదు. మదామ్ మాత్రం కొత్త ఒప్పందం ఫోన్లో తెరిచి, ఇక్కడ ఒప్పుకున్నానని నొక్కమని రోజూ చూపించేది. జీతం పెంచుతానంది. చిట్టెమ్మ చేతికి పిండి ఉందని ఒకరోజు, సబ్బు ఉందని ఒకరోజు తప్పించుకుంది.

“పని చెడగొట్టెయ్యి ఒదినా, ఆళ్లే గెంటేత్తారు” అని సువార్త సలహా పంపింది.

చిట్టెమ్మ కబ్సా అన్నంలో గుప్పెడు ఉప్పు ఎక్కువేసింది. మదామ్ ఉప్పు కంపెనీని తిట్టి బ్రాండు మార్చింది. అయ్యగారి తెల్ల తోబ్ అంగీ మీద ఇస్త్రీ పెట్టె వదిలేసింది. పాత పెట్టెతో ఈమె ఇన్నాళ్లూ ఎలా నెగ్గుకొచ్చిందోనని అందరూ నొచ్చుకుని కొత్తది తెచ్చారు. తొమ్మిదింటిదాకా లేవకపోతే డాక్టరును పిలిపించారు. ఆ డాక్టరు ఈమె నాడి చూసి, పనిలో పనిగా మదామ్ బీపీ కూడా చూసి వెళ్లాడు. మూడు పేజీల పొగడ్త నమ్మినవాళ్లు కళ్లెదుటి తప్పును నమ్మరు.

“చెడగొట్టడం కూడా చేతకాలేదే నీకు!” అని సువార్త నవ్వింది. చిట్టెమ్మకు నవ్వు రాలేదు. నెలాఖరుకు ఇంకా వారమే ఉంది.

ఇక దాపరికం అనవసరమనుకుని నేరుగా అడిగేసింది. “మదామ్, నాకు గది కావాలండి. తలుపేసుకునే గది. అందుకే ఎల్తానంటున్నాను, మరింకేం లేదు.”

మదామ్ నిర్ఘాంతపోయింది. “ఇంతేనా? తొమ్మిదేళ్లలో ఒక్కసారి అడగలేదేం?” అంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గాని, రోజూ కాళ్ల మీంచి దాటుతున్నవాళ్లను కూడా అడగాలని చిట్టెమ్మకు తోచలేదు.

నాలుగు రోజుల్లో మేడ మీద గది తయారైంది. కొత్త రంగు, కిటికీ, ఏసీ, పువ్వుల పరదా, ఇత్తడి తాళం. నిజం చెప్పాలంటే చిట్టెమ్మ మనసు ఊగిపోయింది. ఎక్కడి సైప్రస్, ఎక్కడి భాష! ఇక్కడ పిల్లలు తన చేతుల్లో పెరిగారు. ఇక నొక్కేద్దామనే అనుకుంది. మదామ్ గదంతా చూపించి, బయటికొచ్చి తాళం వేసి, తాళంచెవి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

“నా దగ్గరుంటే భద్రం. పిల్లలకు ఏదైనా కావాల్సొస్తే లోపలికి వెళ్లాలి కదా. ఇస్త్రీ బల్ల కూడా ఇక్కడే వేయిద్దాం.”

చిట్టెమ్మ కిందకు దిగింది. హాల్లో జద్దా జపమాల తిప్పుతోంది. మదామ్ ఫోన్ తీసి నొక్కమని చాచింది.

“తాళంచెవి ఇవ్వండి మదామ్.”

“ఇంటి మనిషికి తాళమెందుకు షీతా?”

“మీ గదికుంది గదండీ.”

జపమాల ఆగింది. మదామ్ ముఖం ఎర్రబడింది. ఇంత చేస్తే ఇదా కృతజ్ఞత అని మొదలుపెట్టబోయింది. “ఇవ్వు” అంది జద్దా. ఆ ఇంట్లో ఆవిడ నోట ఆజ్ఞ వినబడి చాలా ఏళ్లయింది, మదామ్ బ్యాగు తెరిచింది.

చిట్టెమ్మ మేడెక్కి, గదిలోకి వెళ్లి, లోపలినుంచి తాళం తిప్పింది. మంచం అంచున కూర్చుంది. ఏమీ చెయ్యలేదు. రెండు నిమిషాలకు తలుపు తట్టి నీలం గౌను ఎక్కడుందని ఎవరో అడిగారు. పలకలేదు. కాసేపటికి బంగాళాదుంపల సంచి గురించి ఇంకెవరో అరిచారు. దానికీ పలకలేదు. ఆకాశం ఊడిపడలేదు, గౌను వాళ్లకే దొరికింది. చిట్టెమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరూ చూడకుండా ఏడవడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు తెలియదు. కడుపునిండా ఏడ్చింది. ఒకరు ఇమ్మంటే చేతికొచ్చిన తాళంచెవి ఇంకొకరు అడిగితే పోతుందని, ఆ పది నిమిషాల్లోనే ఆమెకు అర్థమైంది.

ముఖం కడుక్కుని కిందకు వచ్చి తాళంచెవి మదామ్ చేతిలో పెట్టింది.

“నా తరవాత వచ్చేదానికి మొదటి రోజే ఇచ్చెయ్యండి మదామ్. అడిగించుకోకండి.”

జద్దా సొరుగు లాగి మూడు పేజీల ఉత్తరం తీసింది. కళ్లజోడు సర్దుకుని, కోడలివైపు చూడకుండా కలం అడిగింది.