వేసుకున్నాక, వేశాక

ఆ పిస్టల్ షూటర్ చేయి వణకకపోవడానికి కారణం మందేనని క్రీడాగ్రామంలో అందరూ నమ్మారు. వంటవాళ్ల నుంచి బస్సు డ్రైవర్ల దాకా ఆ మాట పాకింది. అర్హత పోటీలో ఆమె అందరికంటే ముందు నిలవడమే అందుకు రుజువన్నారు. రుజువు కావలసిన విషయాన్నే రుజువుగా చూపడం మనుషులకు కొత్త కాదు.

ఆ మాట మొదట అన్నది జట్టు మేనేజరు. భోజనాల వరుసలో ఆమె వెనక పళ్లెం పట్టుకుని నిలబడినప్పుడు, "మందు వేసుకున్నాక వణుకు పోయింది" అని ఆమె ఫోనులో అనగా విన్నానన్నాడు. వణుకు తగ్గించే మందులు షూటర్లకు నిషిద్ధం. జట్టు ఆమెను ఫైనల్ నుంచి తప్పించింది. ఫైనల్ ఆ సాయంత్రమే. ముందురోజు అర్హత పోటీ తర్వాత తీసిన మూత్ర నమూనా ఫలితం మర్నాటికిగాని రాదు. అందుకే ఆమె, క్రీడల రోజుల్లో తగవులను గంటల్లో తేల్చే మధ్యవర్తులను ఆశ్రయించింది.

విచారణ జరిగింది హోటల్లో విందులకు అద్దెకిచ్చే గదిలో. కుర్చీలకు ఇంకా శాటిన్ ముడులున్నాయి. ముగ్గురు మధ్యవర్తుల నడుమ కూర్చున్న పెద్దావిడ ఒకప్పుడు న్యాయమూర్తి.

"వేసుకున్నాక అనలేదండీ, వేశాక అన్నాను," అంది షూటర్. "మా అక్కవాళ్ల ముసలి కుక్కకి. ఒకటే వణుకుతోందని డాక్టరుకి చూపించారు. అక్క చెప్పిందే నేను మళ్లీ అన్నా."

పెద్దావిడ మేనేజరు వైపు తిరిగింది. "మధ్యలో 'కున్న' వినబడిందా మీకు?"

మేనేజరు అబద్ధాలకోరు కాడు. "వినబడినట్టేనండీ. పళ్లేలు చప్పుడవుతున్నాయి. ఇప్పుడు ఎన్నిసార్లు తలుచుకున్నా 'కున్న'తోనే వినబడుతోంది."

అక్కకు ఫోను కలిపారు.

"మా కుక్క గొడవ అక్కడిదాకా వచ్చిందా?" అని ఆమె నవ్వబోయి, అవతల ఎవరూ నవ్వకపోవడంతో ఆగింది. "నిజమేనండీ, మందు వేసింది దానికే. దాన్నే పిలవనా, అడుగుతారా?"

"అక్క కదా, చెల్లెల్ని వెనకేసుకురాదా మరి," అని గొణిగాడు జట్టు లాయరు.

మధ్యవర్తులు పక్కగదిలోకి వెళ్లి త్వరగానే తిరిగివచ్చారు.

"ఒక మాట చెవికి ఎలా తగిలిందన్న దానిమీద మనిషిని ఆపలేం," అంది పెద్దావిడ. "ఆడనివ్వండి. రేపు పరీక్షలో మందు తేలితే స్కోరు చెల్లదు."

లిఫ్టు దగ్గర మేనేజరు షూటర్ పక్కకు వచ్చాడు. "మనసులో పెట్టుకోకు తల్లీ. విన్నది చెప్పకపోతే అదీ తప్పే కదా."

"మనసులో లేదు సార్. మణికట్టులో ఉంది."

అది వెటకారమనుకున్నాడాయన.

సాయంత్రం ఆమె పిస్టల్ ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. వెనక గుసగుసలు ఆగలేదు. తెరమీద ఆమె తూటాలు పడిన చోట్లు గురి నడిమి నుంచి అంతకంతకు దూరం జరిగాయి. ఫైనల్లో అందరికంటే ముందు వైదొలగవలసి వచ్చింది ఆమే.

"చూశావా?" అన్నాడొక కోచ్ పక్కవాడితో. "మందు ఆగింది, వణుకు వచ్చింది."

పక్కవాడు తల ఊపాడు. మేనేజరూ విన్నాడు. ఈసారి పళ్లేల చప్పుడు లేదు. మాట స్పష్టంగానే వినబడింది, నమ్మదగినదిగానూ తోచింది.

మర్నాడు ఫలితం వచ్చింది. ఆమె చేయి వణకని రోజున తీసిన నమూనాలో ఏ మందూ లేదు.