వేడెక్కితే ఆగే బండి

రెండుసార్లు ఇల్లు విడిచి వెళ్లాడు. రెండుసార్లూ బండి తోసుకుంటూ తిరిగొచ్చాడు.

ఇంటి నుంచి బయల్దేరినప్పుడు బండికి ఏ లోటూ ఉండదు. బాగా వేడెక్కాక ఆగిపోతుంది. చెట్టుకింద కాసేపు నిలబెడితే మళ్లీ లేస్తుంది, నాలుగు మలుపులు తిరిగేలోపు మళ్లీ మొండికేస్తుంది. అలాంటి బండిని నమ్ముకుని దూరం పోవడానికి ధైర్యం చాలక వెనక్కి వచ్చేవాడు.

అతని భార్యే బండ్ల మెకానిక్. ఇంటి ముందుగది ఆమె షెడ్డు. "నీతో ఉండలేను, పోతాను" అని అతను చెప్పింది కూడా ఆ షెడ్డులోనే, ఆమె మోచేతుల దాకా గ్రీజులో ఉన్నప్పుడు. అరవలేదు, తిట్టలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా చెప్పాడు. ఎందుకని అడిగితే, "ఎందుకని ఏం లేదు" అన్నాడు. తప్పేదో చెబితే దిద్దుకునేది. ఏమీ లేదన్నదాన్ని ఎక్కడ పట్టుకుని విప్పుతుంది?

"వాడికి బుద్ధి లేకపోయినా బండికుందమ్మాయ్" అంది అత్తగారు, గుమ్మంలో చతికిలబడి.

"బండికి ఉన్నది రోగం అత్తయ్యా, బుద్ధి కాదు."

"ఉండనీ. పోయి తీరాలనుకున్నవాడు బస్సెక్కి పోడూ? ఎక్కలేదంటే వాడి కాలు ఇక్కడే ఎక్కడో చిక్కుకుందన్నమాట. నువ్వు నిమ్మళంగా చెయ్యి. రేపంటే రేపు, మాపంటే మాపు. మెకానిక్కులంతా చేసే పనేగా!"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు అయ్యేలోపే కళ్లు మండాయి.

నిజానికి ఆమె కావాలని ఆలస్యం చేసింది లేదు. మొదటిసారి, లోపం ఎక్కడుందో చూపే స్కానర్ తగిలిస్తే పొగగొట్టం దగ్గరి సెన్సర్ పేరు చెప్పింది. నమ్మి దాన్ని మార్చేసింది. స్కానర్ మాట పిల్లల చాడీ లాంటిది. ఎవరు ఏడ్చారో చెబుతుంది, ఎవరు గిల్లారో చెప్పదు. ఆ సంగతి తెలిసి కూడా మోసపోయింది. మనసు మనసులో లేనప్పుడు చేతులు మాత్రం ఏం చేస్తాయి?

ఇవాళ అతను పక్కనే నిలబడ్డాడు. సంచులు గోడకు ఆనించి ఉన్నాయి.

"నిన్న ఎలా ఆగింది? కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగిందా?"

"లేదు. టక్కున. ఎత్తురోడ్డు ఎక్కుతున్నానా, ముందు ఇంజన్ స్పీడు చూపే మీటర్ ముల్లు సున్నాకి పడిపోయింది. బండి ఇంకా కదులుతూనే ఉంది. వెనక లారీ. వాడు పక్కకి తిప్పాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి మీరిద్దరూ తీరిగ్గా ఏడుస్తుండేవాళ్లు" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. చక్రం తిరుగుతుండగానే ముల్లు పడిపోయిందంటే, ఇంజన్ తిరుగుతోందన్న కబురే లోపలి కంప్యూటర్‌కి అందలేదన్నమాట. ఆ కబురు చేరవేసేది క్రాంక్ సెన్సర్. కబురు రాకపోతే నిప్పురవ్వా ఉండదు, పెట్రోలూ ఉండదు.

బండిని స్టాండు మీదే ఉంచి ఇంజన్ ఆన్ చేసింది. షెడ్డంతా వేడి కమ్ముకుంది. స్కానర్ తెర మీద అంకెలన్నీ కుదురుగా ఉన్నాయి. చాలాసేపటికి ఇంజన్ స్పీడు అంకె ఒక్కటి సున్నా అయింది, వెంటనే ఇంజన్ చచ్చింది. స్టార్టర్ నొక్కితే ఇంజన్ గిర్రున తిరుగుతోంది, తెర మీద మాత్రం సున్నాయే. సెన్సర్ తీగలకు మల్టీమీటర్ ఆనించింది. లోపల తెగిపోయినట్టే చూపించింది. తడిగుడ్డ కప్పి చల్లారనిచ్చాక మళ్లీ ఆనిస్తే ఏ దోషమూ లేనట్టు చూపించింది.

దొరికింది. తల ఎత్తితే గుమ్మంలో అత్తగారు. కోడలి మొహం చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. వద్దన్నట్టు తల చిన్నగా ఆడించింది.

దొరకలేదంటే మనిషి ఇంట్లో ఉంటాడు. కానీ ఈ రోగం బండిని ఇంట్లో ఆపదు, రోడ్డు మీద ఆపుతుంది. ప్రతిసారీ లారీవాడు పక్కకి తిప్పుతాడా?

"దొరికింది" అంది.

అతను మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్లగానే అత్తగారు మీదికొచ్చింది. "ఆ ఒక్క మాట మింగలేకపోయావుటే?"

"లారీ కింద పడితే అత్తయ్యా?"

"పోయాక ఎక్కడో బతికుంటే మాత్రం, మనకేం మిగులుతుందే?"

ఆమె బండివైపు తిరిగింది. ఇంజన్ ఎడమవైపు మూత విప్పి, పాత సెన్సర్ తీసి, కొత్తది బిగించింది. ఎండలో తనే ఎత్తురోడ్డు దాకా నడిపింది. ఒక్కసారి ఆగవే, ఒక్కసారి అని దారి పొడవునా బతిమాలింది. ఆగలేదు. అంత శుభ్రంగా చేసింది పని.

వచ్చేసరికి అతను సంచులతో వీధిలో ఉన్నాడు. వాటిని కట్టుకుంటూ, "పాతది ఇవ్వు" అన్నాడు.

"ఏం పాతది?"

"తీసిన సెన్సర్."

పాతది అడిగేది అనుమానమున్న కస్టమర్లు. బాగున్నదాన్నే పీకేశారేమోనని తీసుకెళ్లి ఇంకో షెడ్డులో చూపించుకుంటారు. ఇన్నేళ్లలో ఆమె ఎందరికో ఇచ్చింది, ఏనాడూ నొచ్చుకోలేదు.

"మీరిద్దరూ గుసగుసలాడుకోవడం విన్నాన్లే" అన్నాడు. "పోయినసారి దొరకంది ఇవాళ చిటికెలో దొరికిందంటే, ఇదివరకు దొరకలేదో, దొరకనివ్వలేదో. ఎవరికైనా చూపిస్తా."

ఒట్టు వేద్దామనుకుంది. ఒట్టు మల్టీమీటర్‌లో కనబడదు. లోపలికెళ్లి సెన్సర్‌కున్న నూనె తుడిచి, కస్టమర్లకిచ్చినట్టే చిన్న కవర్లో పెట్టి తెచ్చిచ్చింది. అతను జేబులో వేసుకున్నాడు. ఒక్క నొక్కుకే బండి లేచింది.

"చల్లగా ఉన్నప్పుడు చూస్తే బాగున్నట్టే చూపిస్తుంది" అంది, గొంతు పెంచి. "వేడి చేసి చూడమనండి. వింటున్నారా? వేడి చేసి చూడమనాలి!"

అతను అప్పటికే హెల్మెట్ పెట్టేసుకున్నాడు.