బెథానియా గడియారం

మా బెథానియా ప్రార్థన మందిరాన్ని హాలండ్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు కొనుక్కున్నారు. ఇల్లుగా మార్చుకుంటారట. సంఘంలో చివరికి మిగిలిన నలుగురం సంతకాలు పెట్టి, తలుపు తాళంచెవి వాళ్ళ చేతికిచ్చేశాం. తాళంచెవులు రెండున్నాయా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. రెండోది నా కోటు జేబులో ఉండిపోయింది.

దొంగబుద్ధి కాదు. లోపల మేడ మీది బాల్కనీ గోడకి, ప్రసంగ వేదికకి సరిగ్గా ఎదురుగా ఒక గడియారం ఉంది. మా వేల్స్ మందిరాల్లో గడియారం పాస్టరు గారి కళ్ళకి ఎదురుగా ఉండాలి. లేకపోతే ఆయన ప్రసంగం ఆపడు, ఇళ్ళలో పొయ్యి మీద మాంసం మాడిపోతుంది. దానికి వారానికోసారి కీ ఇవ్వాలి. ముప్ఫై ఏడేళ్ళు మా ఆయన ఎమ్లిన్ ఇచ్చాడు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "శనివారం మర్చిపోకే నెస్తా" అన్నాడు. ఆరేళ్ళుగా ఒక్క శనివారం కూడా మర్చిపోలేదు. ఆయన్ని పాతిపెట్టింది శనివారమే. నల్లబట్టలతోనే పైకెక్కి కీ ఇచ్చి వచ్చాను. అది ఆగిపోతే ఆయన నాకు రెండోసారి పోయినట్టే.

వచ్చినవాళ్ళలో మొగుడి పేరు యోస్ట్, పెళ్ళాం పేరు మారికె. కనబడితే చాలు పళ్ళికిలించి చేతులూపుతారు. అంత నవ్వేవాళ్ళని నేను నమ్మను. బల్లలు ఊడదీసి గోడవారన పేర్చారు. వేదిక ఉన్నచోట వంటగది పెట్టారు. నా అదృష్టం కొద్దీ ప్రతి శనివారం సరిగ్గా పదింటికి ఇద్దరూ కారెక్కి బజారుకి పోతారు. నేను లోపలికి పోయి, ఊగే మూడో మెట్టు దగ్గర గోడ పట్టుకుని పైకెక్కి, కీ ఇచ్చి, ఆ కీని పక్కనున్న మేకుకి తగిలించి బయటపడతాను.

ఒక గురువారం పక్క కిటికీలోంచి చూస్తే, లోపల ఒక కొత్త మనిషి. చేతిలో టేపు, చెవి వెనక పెన్సిలు. మెట్ల దగ్గర నిలబడి గడియారం వైపు వేలు చూపిస్తున్నాడు. మారికె తలాడిస్తోంది.

తిన్నగా మా ఊళ్ళో సరుకులమ్మే మెన్నా కొట్టుకి పోయాను.

"అమ్మేస్తున్నారే! బేరగాడొచ్చి కొలతలు కూడా తీసుకుంటున్నాడు."

"నువ్వు చూశావా, ఊహించావా?" అంది మెన్నా, పాల సీసాలు సర్దుతూ.

"కళ్ళారా చూశాను."

"కిందటి నెల వాళ్ళు మందిరం పక్క సమాధులు తవ్వేస్తున్నారని కూడా కళ్ళారానే చూశావు. తీరా చూస్తే బంగాళాదుంపలు నాటుతున్నారు."

"నవ్వు, నవ్వు. నీ మొగుడు ముట్టుకున్న గడియారమైతే తెలిసేది."

మెన్నా ఇక నవ్వలేదు. అయినా నా కోపం చల్లారలేదు. ఆ శనివారం గడియారానికి కీ ఇచ్చి, ఆ కీని మేకుకి తగిలించలేదు. జేబులో వేసుకుని వచ్చేశాను. కీ లేని గడియారాన్ని ఎవడు కొంటాడో చూద్దాం అనుకున్నాను. ఇంటికొచ్చి టీ పొడి డబ్బా అడుగున దాచాను. ఆ వారమంతా నా తెలివికి నేనే మురిసిపోయాను.

తరవాతి శనివారం మా ఇంట్లో, మందిరం కనబడే కిటికీ కర్టెన్ పక్కన నిలబడ్డాను. పదింటికి ఎప్పటిలాగే కారు కదిలింది. కాని ఈసారి మారికె మా ఇంటి వైపు తిరిగి చూసింది. అప్పుడర్థమైంది నాకు. కీ పోయిందని కనిపెట్టేశారు. ఇది వల. వంతెన దాకా పోయినట్టే పోయి వెనక్కొచ్చి నన్ను పట్టుకుంటారు. ఈ వయసులో పోలీసుల ముందు నిలబడనా? వెళ్ళలేదు. ఆదివారమూ వాళ్ళు గడప దాటలేదు, నేనూ వెళ్ళలేదు. కీ ఇస్తే ఎనిమిది రోజులు తిరుగుతుందని తెలుసు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూచున్నాను గాని, కాలు కదపలేదు.

సోమవారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. మారికె. చేతిలో ఆపిల్ కేకు.

"నెస్తా గారూ, ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం? రాయిలా ఉన్నాను."

"శనివారం మీరు రాలేదు. భయపడ్డాం."

"ఎక్కడికి రాలేదు?"

"గడియారం దగ్గరికి." ఆమె అడక్కుండానే కుర్చీ లాక్కుని కూచుంది. "మేమొచ్చిన మొదటి వారమే సున్నం దుమ్ములో మీ బూట్ల అడుగులు చూశాం. మెట్ల దాకా వెళ్ళాయి, వెనక్కొచ్చాయి. గడియారమేమో ఆగట్లేదు. మెన్నా గారినడిగితే ఎమ్లిన్ గారి సంగతి చెప్పారు. మేం ఇంట్లో ఉంటే మీరు మొహమాటపడతారని, శనివారాలు వంతెన దగ్గర కార్లో కూచుంటున్నాం. యోస్ట్‌కి అక్కడ అమ్మే బన్నులంటే పిచ్చి లెండి."

ఆ మెన్నా సంగతి తరవాత చూసుకుంటాను.

"మరి ఆ టేపు మనిషి?"

"వడ్రంగి. ఆ మూడో మెట్టు మీద మీరెప్పుడు పడతారోనని ప్రతి వారం గుండె దడ. మీరెక్కే చోటు చూపించి, పట్టుకోడానికి చెక్క పెట్టించాం." ఆమె మొహం వాడిపోయింది. "కాని ఆ పనిలో గడియారం కీ పోయింది. యోస్ట్ ఆ వడ్రంగిని, పాపం, నానా మాటలన్నాడు. ఆ వడ్రంగి కూడా మోకాళ్ళ మీద వంగి ఇల్లంతా వెతికాడు. నిన్న సాయంత్రం గడియారం ఆగిపోయింది. నాలుగూ ఇరవైకి."

సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. టీ డబ్బా మా ఇద్దరి మధ్యే, బల్ల మీదే ఉంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నెమ్మదిగా మూత తీసి, చెయ్యి పెట్టి, పొడి అంటుకున్న కీని ఆమె ముందు పెట్టాను. తరవాత కోటు జేబులోంచి తలుపు తాళంచెవి తీసి దాని పక్కన పెట్టాను.

మారికె రెండింటినీ చూసింది. తిట్టినా బాగుండేది. తలుపు తాళంచెవిని నా వైపు జరిపి, "రండి, పోదాం" అంది.

కొత్త చెక్క పట్టుకుని పైకెక్కాను. మూడో మెట్టు ఊగలేదు. కీ తిప్పాను, ముళ్ళు సరిచేశాను. కింద వంటగదిలో నిలబడి మారికె టైము చెప్పింది. గడియారం మళ్ళీ టిక్కుటిక్కుమంది.

ప్రతి ఆదివారం ఎమ్లిన్ సమాధి దగ్గర కూచుని వారం కబుర్లన్నీ చెప్తాను. దొంగలొచ్చారని, గడియారం అమ్మేస్తారని నెలలుగా చెప్తూనే ఉన్నాను. నలభై మూడేళ్ళలో మొదటిసారి దాన్ని ఆపింది నేనే అని ఈ ఆదివారం ఏ మొహం పెట్టుకుని చెప్పను?